గామా నోరు నొక్కే ప్రోటీన్

ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ కోసం చేసే తొలి పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. వేలికొన మీద పొడిచి ఒక బొట్టు రక్తం తీసి, చిన్న గొట్టంలో ఉన్న ద్రావణంలో కలుపుతారు. ద్రావణంలోని ఒక రసాయనం ఎర్రకణాల పొరను చీల్చి హిమోగ్లోబిన్‌ను బయటికి వదులుతుంది. ఇంకొకటి ఆ హిమోగ్లోబిన్ దగ్గరున్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఐదు నిమిషాలు ఆగి, నల్లగీతలు గీసిన కార్డు ముందు గొట్టాన్ని పెట్టి చూస్తారు. గీతలు గొట్టంలోంచి తేటగా కనిపిస్తే భయం లేదు. ద్రావణం బురదనీళ్ళలా మారి గీతలు మాయమైతే అందులో సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టే. అప్పుడు నిర్ధారణ పరీక్ష కోసం రక్తాన్ని పెద్ద ఆసుపత్రికి పంపుతారు.

ఈ పరీక్షను ఆరు నెలల లోపు పిల్లలకు నమ్మకూడదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడ్డ జన్యువు వచ్చిన బిడ్డ రక్తం వేసినా గీతలు స్పష్టంగా కనిపించవచ్చు. పైగా ఆ వయసులో బిడ్డ నిజంగానే ఆరోగ్యంగా ఉంటుంది. పాలు తాగుతుంది, నవ్వుతుంది, బరువు పెరుగుతుంది. ఆరో నెల ప్రాంతంలో చేతివేళ్ళూ కాళ్ళూ వాచి, ముట్టుకుంటే కేర్‌మంటుంది. పుట్టుకతో ఉన్న జబ్బు అన్నాళ్ళు ఎక్కడుంది?

జబ్బు ఎక్కడికీ పోలేదు. చెడిపోయిన జన్యువును ఇంకా వాడటం మొదలుపెట్టలేదు, అంతే. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ వాడిన హిమోగ్లోబిన్ వేరు, పెద్దవాళ్ళం వాడే హిమోగ్లోబిన్ వేరు. ఒకటి ఆగి రెండోది మొదలయ్యే ఆ మార్పు వెనక ఉన్నది బీసీఎల్11ఏ అనే ప్రోటీన్. ఈ అధ్యాయం దాని గురించే.

హిమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులుంటాయి. పిండం తొలి వారాలు దాటాక రెండు ఆల్ఫా గొలుసులు మారవు. మిగతా రెండు మాత్రం వయసును బట్టి మారతాయి. పెద్దవాళ్ళలో అవి బీటా గొలుసులు, గర్భస్థ శిశువులో గామా గొలుసులు. రెండింటి పొడవూ 146 అమైనో ఆమ్లాలే. వాటిలో 39 చోట్ల మాత్రమే తేడా ఉంది. ఆ తేడా వల్ల శిశువు హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మరికాస్త గట్టిగా పట్టుకుంటుంది. మావి దగ్గర తల్లి రక్తం నుంచి బిడ్డ రక్తంలోకి ఆక్సిజన్ చేరాలంటే ఆ పట్టు ఉండాలి. పుట్టేనాటికి బిడ్డ హిమోగ్లోబిన్‌లో 60 నుంచి 80 శాతం ఈ రకమే. ఆ తర్వాత నెలనెలా తగ్గుతూ, పెద్దయ్యేసరికి మామూలుగా ఒక శాతం కూడా మిగలదు.

ఈ మార్పుకు పురుడుతో సంబంధం లేదు. ఎనిమిదో నెలలోనే పుట్టేసిన బిడ్డ బయటి గాలి పీల్చినంత మాత్రాన గామాను తొందరగా ఆపెయ్యదు. గర్భం నిలిచిన నాటి నుంచి లెక్కేస్తే, నెలలు నిండి పుట్టిన పిల్లల్లో మార్పు ఎప్పుడు జరుగుతుందో వీళ్ళలోనూ దాదాపు అప్పుడే జరుగుతుంది. అంటే గడియారం కణాల లోపలే ఉంది.

సికిల్ సెల్‌లో చెడేది బీటా గొలుసు. 1904లో గ్రెనడా దీవి నుంచి చికాగోకు దంతవైద్యం చదవడానికి వచ్చిన ఒక యువకుడి రక్తంలో కొడవలి ఆకారపు కణాలు కనిపించాయి. డాక్టర్ జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి ప్రచురించాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం జబ్బు కణంలో లేదని, హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపింది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళలో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించాడు. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం ఉండాల్సింది, వాలిన్ ఉంది. జన్యువులో చూస్తే ఒక్క అక్షరం తేడా. ఆక్సిజన్‌ను వదిలేసిన వెంటనే ఇలాంటి అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. కణం కొడవలిలా వంగి బిరుసెక్కి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అక్కడ పుడుతుంది. మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజుల్లోనే చస్తుంది. రక్తహీనత అందువల్ల.

గామా గొలుసున్న అణువు ఈ పోగుల్లో చేరదు. ఒక గామా, ఒక సికిల్ బీటా కలిసి తయారైన మిశ్రమ అణువు కూడా చేరదు. అతుక్కోవడానికి బీటాలో పనికొచ్చే 87వ స్థానంలో గామాకు వేరే అమైనో ఆమ్లం ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం. కణంలో గామా తగినంత ఉంటే పోగులు కట్టడం అసలు మొదలవడానికే ఆలస్యమవుతుంది. ఎర్రకణం కేశనాళికను దాటడానికి పట్టేది ఒక సెకను, అటూఇటూగా. ఆ కాస్త ఆలస్యం దొరికితే చాలు, కణం ఊపిరితిత్తులకు తిరిగి చేరి మళ్ళీ ఆక్సిజన్ అందుకుంటుంది. గండం గడిచినట్టే.

ఈ రక్షణను మొదట ఊహించింది బ్రూక్లిన్‌లో పిల్లల డాక్టరు జానెట్ వాట్సన్. ఖరీదైన పరికరాలతో కాదు, మైక్రోస్కోపులో పసిపిల్లల రక్తం చూసి. జబ్బున్న శిశువుల కణాలు పెద్దవాళ్ళ కణాల్లా వంగిపోవడం లేదని గమనించి, శిశువు హిమోగ్లోబినే అందుకు కారణం కావచ్చని 1948లో రాసింది. అప్పటికింకా డీఎన్ఏ నిర్మాణం తెలీదు. ఇంత మంచి పరిశీలనకు రావాల్సినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

తర్వాత మరో రకం మనుషులు కనిపించారు. పెద్దవాళ్ళయినా వీళ్ళలో గామా ఆగలేదు. ఏ ఇబ్బందీ లేదు, సాధారణ జీవితం. వీళ్ళకు సికిల్ జన్యువులు ఉన్నా జబ్బు బాధ పెట్టదు. కొన్ని కుటుంబాల్లో గామా జన్యువుకు కాస్త ముందు, జన్యువు మొదలయ్యే చోటికి 117 అక్షరాల దూరంలో ఒక్క అక్షరం మారి ఉందని 1985లో తేలింది. గ్రీకు కుటుంబాల్లో దొరికిన ఆ మార్పును చదివిన వాళ్ళలో జన్యుశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ కాలిన్స్ ఒకడు. ఆ చోట ఏదో వచ్చి అంటుకోవాలి, అక్షరం మారడంతో అంటుకోలేకపోతోంది. ఆ ఏదో ఏమిటి? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి 33 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ కాస్త ఆగి, జన్యువు ఆగడం అంటే ఏమిటో చెప్పుకుందాం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే. మెదడు కణంలోనూ గామా జన్యువు ఉంది, చర్మకణంలోనూ ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో అసలు దస్తావేజు గది దాటి రాదు, అడిగిన వాళ్ళకు నకలు మాత్రమే ఇస్తారు. కణంలోనూ అంతే. జన్యువు కేంద్రకం దాటదు, దాని ఆర్ఎన్ఏ నకలు బయటికొచ్చి ప్రోటీన్ తయారీకి పనికొస్తుంది. ఈ నకలు తీయడమే అనులేఖనం. ఏ కణంలో, ఏ వయసులో, ఏ జన్యువుకు నకలు ఇవ్వాలో నిర్ణయించే ప్రోటీన్లు మనిషిలో దాదాపు 1,600 రకాలున్నాయి. వీటిలో కొన్ని నకలు తీయిస్తాయి, కొన్ని ఆపుతాయి. బీసీఎల్11ఏ చేసే పని గామా దగ్గర ఆపడం.

హిమోగ్లోబిన్ విషయంలో ఈ అదుపు ఎంత కచ్చితంగా ఉండాలో ఊహించండి. ఎముక మజ్జ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలను తయారు చేస్తుంది. ఒక్కో కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. బీటా వర్గపు జన్యువులన్నీ 11వ క్రోమోజోము మీద వరుసగా ఉన్నాయి. ముందు పిండం తొలి వారాల్లో పనిచేసేది, దాని పక్కన రెండు గామాలు, ఆపైన డెల్టా, చివర బీటా. వయసులో ఏది ముందు అవసరమో ఆ క్రమంలోనే అమరి ఉండటం చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఈ వరుసకు ముందు ఒక బలమైన నియంత్రణ ప్రాంతం ఉంది. డీఎన్ఏ మడతపడి ఆ ప్రాంతం ఏ జన్యువును తాకితే దానికి నకళ్ళు జోరుగా తయారవుతాయి. ఒక సమయంలో ఒక్కదాన్నే తాకుతుంది. కాబట్టి గామా నోరు నొక్కితే బీటా వంతు వస్తుంది. గామాను మళ్ళీ లేపితే బీటా తగ్గుతుంది. సికిల్ రోగికి ఇది రెండు విధాలా లాభం. మంచిది పెరుగుతుంది, అదే ఊపులో చెడ్డది తగ్గుతుంది.

గామా నోరు నొక్కేదాన్ని పట్టుకోవడానికి దశాబ్దాలు వెతికారు. ఎక్కువగా 11వ క్రోమోజోము చుట్టూ, హిమోగ్లోబిన్ జన్యువుల దగ్గర గాలించారు. జవాబు రెండో క్రోమోజోము మీద ఉంది. 2007లో లండన్‌లో స్వీ లే థేన్ బృందం ఆరోగ్యవంతులనే తీసుకుని ఒక ప్రశ్న వేసింది. పెద్దయ్యాక కూడా అందరి రక్తంలోనూ శిశు హిమోగ్లోబిన్ కాస్త మిగులుతుంది. కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. ఎక్కువ వాళ్ళకూ తక్కువ వాళ్ళకూ డీఎన్ఏలో తేడా ఎక్కడ? రెండు చివరలకూ చెందిన రెండు వందల లోపు మందిని పోల్చితేనే బీసీఎల్11ఏ జన్యువు బయటపడింది. మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు 15 శాతం ఈ ఒక్క చోటు వల్లే. ఇలాంటి అధ్యయనాల్లో వేలమందిని చదివినా ఒక చోటు ఒక శాతాన్ని కూడా వివరించకపోవడం మామూలు. ఆ మరుసటి ఏడాది, బీటా గొలుసు చాలినంత తయారుకాని తలసేమియా జబ్బు ఎక్కువగా ఉన్న ఇటలీ దీవి సార్డీనియాలోనూ ఇదే జన్యువు తేలింది.

బీసీఎల్11ఏ అప్పటికే తెలిసిన ప్రోటీనే. రక్తానికి సంబంధించిన కొన్ని క్యాన్సర్లలో తారుమారయ్యే జన్యువుగా దాన్ని గుర్తించారు. రోగనిరోధక కణాలైన బి లింఫోసైట్లు ఏర్పడటానికి అది కావాలనీ తెలుసు. హిమోగ్లోబిన్‌తో దానికి సంబంధం ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. బోస్టన్‌లో స్టువర్ట్ ఓర్కిన్ ప్రయోగశాలలో విజయ్ శంకరన్, సహచరులు పెద్దవాళ్ళ నుంచి తీసిన, ఎర్రకణాలయ్యే కణాల్లో ఈ ప్రోటీన్‌ను తగ్గించి చూశారు. గామా లేచింది. 2008 డిసెంబరులో ఆ ఫలితం వెలువడింది. 2011లో సికిల్ జబ్బు పెట్టిన ఎలుకల ఎర్రకణ వంశంలో మాత్రం ఈ జన్యువును తీసేస్తే జబ్బు లక్షణాలు సర్దుకున్నాయి. చెడిపోయిన బీటా జన్యువును ఎవరూ ముట్టుకోలేదు. అది ఉన్నచోటే, ఉన్నట్టే ఉంది.

ఇక ప్రోటీన్ రూపం. దాని పొడవైన రూపంలో 835 అమైనో ఆమ్లాలుంటాయి. గొలుసులో కొన్నిచోట్ల చిన్న భాగాలు ఒక్కో జింకు అయానును పట్టుకుని ముడుచుకుని ఉంటాయి. వీటికి జింకు వేళ్ళు అని పేరు. డీఎన్ఏ మెలికల మధ్య గాడిలోకి దిగి అక్షరాలను గుర్తుపట్టేవి అవే. చివరి మూడు వేళ్ళు వెతికేది టీ-జీ-ఏ-సీ-సీ-ఏ అనే ఆరక్షరాల వరుస. గామా జన్యువుకు ముందు ఈ వరుస రెండుసార్లు ఉంది. బీసీఎల్11ఏ కూర్చునేది దూరంగా ఉన్నదాని మీద, 115వ అక్షరం దగ్గర. 1985లో గ్రీకు కుటుంబాల్లో అక్షరం మారిన చోటు కూడా ఇక్కడే. రెండు బృందాలు 2018లో ఈ సంగతి తేల్చాయి. ఒకటి బోస్టన్‌లో ఓర్కిన్‌ది, ఇంకొకటి ఆస్ట్రేలియాలో మెర్లిన్ క్రాస్లీది. ఆ కుటుంబాలకు ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. ప్రోటీన్ బాగానే ఉంది, అది వచ్చి కూర్చునే చోటు చెడిపోయింది.

కూర్చున్నాక అది చేసేది రెండు పనులు. పక్కనే ఇంకో ప్రోటీన్ వచ్చి గామా అనులేఖనాన్ని మొదలుపెట్టించాలి. బీసీఎల్11ఏ ఉంటే దానికి చోటు దొరకదు. పైగా బీసీఎల్11ఏ తనతో ఒక పెద్ద ప్రోటీన్ సముదాయాన్ని లాక్కొస్తుంది. ఆ సముదాయం డీఎన్ఏ చుట్టుకుని ఉన్న హిస్టోన్ ప్రోటీన్ల మీది అసిటైల్ గుర్తులను తుడిచేసి, ఆ ప్రాంతాన్ని బిగించేస్తుంది.

మరి గర్భంలో ఇది ఎందుకు ఆపదు? గర్భస్థ శిశువు కాలేయంలో ఎర్రకణాలు తయారవుతున్నప్పుడు బీసీఎల్11ఏ జన్యువుకు ఆర్ఎన్ఏ నకళ్ళు తయారవుతూనే ఉంటాయి. నకలు నుంచి ప్రోటీన్ కావడమే ఆగిపోతుంది. లిన్28బీ అనే మరో ప్రోటీన్ ఆ నకళ్ళను పట్టుకుని అడ్డుపడుతుందని 2020లో తెలిసింది. వయసు పెరిగేకొద్దీ లిన్28బీ తగ్గిపోతుంది, బీసీఎల్11ఏ పెరుగుతుంది. కణం లోపలి గడియారంలో ఒక చక్రం ఇలా దొరికింది. లిన్28బీ తగ్గేలా చేసేది ఏమిటన్నది మళ్ళీ వేరే కథ.

ఇంత తెలిశాక మందు తయారు చేయడం సులువనిపిస్తుంది. బీసీఎల్11ఏను పాడుచేస్తే సరి కదా! కాదు. ఈ ప్రోటీన్ పూర్తిగా లేని ఎలుక పిల్లలు పుట్టిన కాసేపటికే చనిపోతాయి. బి లింఫోసైట్లకు అది కావాలి. రక్త మూలకణాలు కుదురుగా ఉండటానికి కావాలి. మెదడు ఎదుగుదలకు కావాలి. రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయి పుట్టిన పిల్లలున్నారు. వాళ్ళకు మాటలు ఆలస్యమవుతాయి, బుద్ధి ఎదుగుదల దెబ్బతింటుంది. వాళ్ళ రక్తం పరీక్షిస్తే శిశు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. ఒకే బిడ్డలో రక్తానికి మేలు, మెదడుకు కీడు.

దారి చూపింది 2007 నాటి అధ్యయనమే. మనుషుల మధ్య తేడా తెచ్చిన ఆ అక్షరాలు ప్రోటీన్ కోసం రాసిన భాగంలో లేవు. జన్యువు మధ్యలో, నకలు తీశాక కత్తిరించి పారేసే భాగంలో ఉన్నాయి. చాలాకాలం అలాంటి భాగాలను పనికిమాలినవిగా చూశాం. 2013లో డానియల్ బావర్, ఓర్కిన్, సహచరులు ఆ చోట ఏముందో చూపించారు. అది బీసీఎల్11ఏను ఎర్రకణ వంశంలో మాత్రమే నడిపించే స్విచ్. దాన్ని కత్తిరిస్తే ఎర్రకణాలయ్యే కణాల్లో బీసీఎల్11ఏ పడిపోయింది. అదే ముక్కను బి లింఫోసైట్ల వంశపు కణాల్లో కత్తిరిస్తే ఏమీ కాలేదు, ప్రోటీన్ ఎప్పటిలాగే తయారైంది. ఈ ఒక్క ప్రయోగాన్ని తీసేస్తే ఆ తర్వాతి వైద్యం లేదు.

స్విచ్‌లో కీలకమైన భాగాన్ని వెతకడానికి వాళ్ళు డీఎన్ఏను కోరినచోట కోసే క్రిస్పర్‌ను వాడారు. స్విచ్ పొడవునా వందలాది చోట్ల కోసుకుంటూ పోయి, ఏ కోతకు గామా ఎక్కువగా లేస్తుందో చూశారు. 2015లో తేలిందేమంటే, ఎక్కువ ఫలితం ఇచ్చిన కోతలు ఒకేచోట గుంపు కట్టాయి. జన్యువు మొదటి నుంచి 58 వేల అక్షరాల దూరంలో ఉన్న ముక్కలో, ఎర్రకణ వంశాన్ని నడిపే గాటా1 అనే ప్రోటీన్ అంటుకునే కొద్ది అక్షరాల దగ్గర. ఆ కొద్ది అక్షరాలు చెదిరితే గాటా1 అక్కడ నిలబడలేదు. బీసీఎల్11ఏ తగ్గుతుంది. గామా లేస్తుంది. మెదడుకూ బి కణాలకూ ఈ సంగతే తెలియదు.

ఆ కోతే ఇప్పుడు కాస్జెవీ అనే చికిత్స అయ్యింది. 2019 జులైలో అమెరికాలో మిసిసిపీకి చెందిన ఒక సికిల్ రోగికి ఇది చేశారు. చికిత్సకు ముందు ఆమె హిమోగ్లోబిన్‌లో 9 శాతం ఉన్న శిశు రకం, 15 నెలలకు 43 శాతమైంది. ముఖ్యమైనది ఆ సగటు కాదు. దాదాపు ప్రతి ఎర్రకణంలోనూ గామా ఉంది. కొన్ని కణాల నిండా గామా ఉండి, మిగతావి ఖాళీగా ఉంటే ఆ ఖాళీ కణాలు వంగుతూనే ఉంటాయి. 2024లో వచ్చిన ఫలితాల్లో, తగినంత కాలం గమనించిన 30 మంది సికిల్ రోగుల్లో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడులు రాలేదు. తలసేమియాలో 35 మందిలో 32 మందికి రక్తం ఎక్కించే అవసరం తప్పింది. బ్రిటన్ 2023 నవంబరులో, అమెరికా ఆ డిసెంబరులో అనుమతిచ్చాయి.

చికిత్స అన్నంత మాత్రాన సూది వేసి ఇంటికి పంపేది కాదు. రోగి రక్తం నుంచి మూలకణాలు వేరుచేసి, ప్రయోగశాలలో కోత పెట్టాలి. అవి సిద్ధమయ్యాక బుసల్ఫాన్ అనే మందుతో రోగి మజ్జలోని పాత కణాలను చంపి, కోత పెట్టిన వాటిని ఎక్కించాలి. జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చు. వారాల తరబడి ఆసుపత్రిలో విడిగా ఉండాలి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. పాడేరు కొండల్లోనో ఉట్నూరు వైపో ఉన్న కుటుంబంతో ఈ ధర గురించి మాట్లాడటానికే సిగ్గేస్తుంది.

మన దేశంలో సికిల్ జన్యువు ఎక్కువగా ఆదివాసీ సమాజాల్లో ఉంది. మలేరియా ఉన్న చోట ఒక్క ప్రతి ఉన్నవాళ్ళకు రక్షణ దొరికింది కాబట్టి తరాలుగా అది నిలిచింది. 1952లో నీలగిరుల్లో మొదట గుర్తించారు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిర్మూలన కార్యక్రమంలో 17 రాష్ట్రాలున్నాయి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాటిలో ఉన్నాయి. ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. భారతీయ రోగుల్లో చాలామందికి ఒక సానుకూలత కూడా ఉంది. సికిల్ బీటా ఉన్న డీఎన్ఏ ముక్క మీదే గామాకు ముందు 158వ అక్షరం మారి ఉంటుంది. తూర్పు సౌదీ అరేబియా రోగుల్లోనూ ఇదే మార్పు. దీనివల్ల గామా పూర్తిగా ఆగదు, శిశు హిమోగ్లోబిన్ 20 శాతం దాకా కనిపించే రోగులున్నారు. అందుకే ఒడిశా రోగులలో జబ్బు ఆఫ్రికా మూలాలున్న జమైకా రోగులకంటే తేలికగా ఉందని 1980ల్లో రాశారు. దాన్ని పట్టుకుని మన దగ్గర ఇది చిన్న జబ్బే అనుకోవడం పొరపాటు. మధ్య భారతంలో పుట్టినప్పటి నుంచి గమనించిన పిల్లల్లో తీవ్రమైన జబ్బు బాగానే కనిపించింది.

ప్రస్తుతానికి మన రోగుల చేతిలో ఉన్నది హైడ్రాక్సీయూరియా. పాత క్యాన్సర్ మందు, చవక. ఇది కూడా గామాను పెంచుతుంది, కానీ అన్ని కణాల్లో సమానంగా కాదు. అందరిలోనూ ఒకేలా కాదు. తొమ్మిదో నెల నుంచే మొదలుపెట్టి ఇచ్చిన పసిపిల్లల్లో నొప్పి దాడులు తగ్గాయని 2011లో అమెరికాలో చేసిన పరిశోధన చూపింది. గామా పూర్తిగా ఆగకముందే పట్టుకోవాలన్నది ఇందులోని తర్కం. అంటే బిడ్డ పుట్టిన వెంటనే జబ్బు సంగతి తెలియాలి. గీతల కార్డు అందుకు పనికిరాదు కాబట్టి, నవజాత శిశువులకు హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే యంత్రపరీక్ష కావాలి. క్రిస్పర్ కంటే ముందు మన ఏజెన్సీ ఆసుపత్రులకు చేరాల్సింది ఇది.

ఇంకో ప్రయత్నం మాత్ర కోసం. కణంలో అక్కర్లేని ప్రోటీన్లను తొలగించే యంత్రాంగం ఎలాగూ ఉంది. దానికి బీసీఎల్11ఏను పట్టించే చిన్న అణువు దొరికితే మజ్జను చంపక్కర్లేదు, మూలకణాలు తీయక్కర్లేదు. ఇబ్బందల్లా మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది. స్విచ్‌ను కోసినప్పుడు ఎర్రకణ వంశానికే పరిమితమైన పని, మాత్రతో బి కణాల్లోనూ మూలకణాల్లోనూ జరుగుతుంది. పెద్దవాళ్ళ మెదడు ఎదుగుదల అప్పటికే పూర్తయి ఉంటుంది కాబట్టి అక్కడ ముప్పు తక్కువని కొందరి అంచనా. బీసీఎల్11ఏను ఎంత తగ్గిస్తే గామా చాలినంత లేస్తుంది, ఎంత తగ్గిస్తే మిగతా కణాలు తట్టుకోలేవు, ఈ రెండు హద్దుల మధ్య మాత్ర పట్టేంత జాగా ఉందా అన్నదాని మీదే ఇప్పుడు పని నడుస్తోంది.